మిశ్రచాపులో కబడ్డీ

మొదటి పరిచయంలోనే అమ్మాయి చీలమండ పట్టుకుని నేలమీద పడేసిన ప్రేమికుడు విజయనగరం జిల్లా మొత్తమ్మీద తిరుమలరావు ఒక్కడే అయ్యుంటాడు. ఇందులో గొప్పేమీ లేదని అతనే ఒప్పుకుంటాడు. పట్టు మాత్రం చక్కగా కుదిరిందని కూడా అంటాడు, ఎవరూ అడక్కపోయినా.

అసలతను ఆ హాల్లో ఉండాల్సినవాడే కాదు. గజపతినగరం పక్క పల్లెలో పుట్టి, ఆరేళ్ళుగా కబడ్డీ జట్టులో ఎడమ కార్నర్, అంటే కూతకొచ్చినవాడి కాలు పట్టే చోటు, ఆడుతున్నవాడు. విజయనగరంలో వ్యాయామ విద్య కాలేజీలో పీజీ చదువుతున్నాడు. రెండో ఏడాదిలో అందరూ ఒక స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. కబడ్డీ కోచింగ్ తీసుకుని కోచ్ అవ్వాలని అతని ఆశ. అతనికంటే ఎక్కువగా వాళ్ళ నాన్న జగన్నాధం ఆశ.

సీట్లు ఎంచుకునే రోజున తిరుమలరావు ఊరి టోర్నమెంటు ఫైనల్లో ఉన్నాడు. గెలిచాడు. బహుమతిగా ఇచ్చిన స్టీలు బిందె చంకన పెట్టుకుని మర్నాడు కాలేజీకి వచ్చేసరికి కబడ్డీ సీట్లు అయిపోయాయి. మిగిలింది ఒక్కటే, రిక్రియేషన్ అండ్ ఫోక్ డాన్స్.

"అంటే ఏటి మేడం?" అన్నాడు బిందె కింద పెట్టి.

"చూస్తూ కూర్చున్నవాళ్ళని లేపి ఆటలోకి తేవడం," అంది పద్మకుమారి మేడం. ఆ విభాగానికి ఆవిడే పెద్ద. "మన నృత్యం ఒకటి, విదేశీ నృత్యం ఒకటి నేర్చుకోవాలి. మనది థింసా. విదేశీది గ్రీకు."

"గ్రీకెందుకు మేడం?"

"థింసాలో తప్పేస్తే అరకు పిల్లలు నవ్వుతారు. గ్రీకులో తప్పేస్తే నవ్వడానికి ఈ చుట్టుపక్కల గ్రీకువాడెవడూ లేడు."

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు.

"రిక్రియేషన్ వచ్చింది నాన్నా."

"అదేట్రా?"

"డేన్సు."

"బిందె మీ అమ్మకి నచ్చుతాదిలే," అన్నాడు జగన్నాధం.

ఆ గ్రీకు నాట్యం పేరు కలమతియానోస్. పలకడానికే వారం పట్టింది. అందరూ చేతులు కలుపుకుని వరసగా నిలబడాలి. కుడి చివర ఉన్న మనిషి నాయకుడు. ఆ మనిషి ఎటు నడిపిస్తే వరసంతా అటు పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళాలి. మేడం చరితని నాయకురాలిగా పెట్టింది. చరిత అరసవల్లి అమ్మాయి, అక్కడి మృదంగం మేస్టారు అనంతకృష్ణ గారి కూతురు. తిరుమలరావుని మేడం ఎడమ చివర నిలబెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

చేతులు పట్టుకున్న మనుషుల వరస, దానికి ఎడమ చివర తను. తిరుమలరావుకి ఈ లోకంలో దీనికి ఒకటే అర్థం. చరిత వరసని లోపలికి చుట్టుకుంటూ వచ్చి సరిగ్గా అతని ముందు కాలు వేసింది. అతని బుర్ర ఏమీ ఆలోచించలేదు. దానికి ఆ అలవాటు మొదటినుంచీ లేదు. ఒక్క ఉదుటున వంగి ఆ చీలమండని రెండు చేతులా పట్టేశాడు. పక్కనున్న సోములు, వాడూ కబడ్డీ ఆటగాడే, చెయ్యి పైకెత్తి పాయింటు అడిగాడు.

నేలమీద నుంచి చరిత అతనివైపు చూసింది.

"ముందు కాలు వదులు."

"సారీ అండి. అలవాటులో పట్టేసేను."

"ఆడపిల్లల కాళ్ళు పట్టుకోవడం అలవాటా?"

"సీసీ. మగోళ్ళవేనండి."

హాలంతా నవ్వింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. తిరుమలరావు ఒకే నిమిషంలో ఒకరి కాలు జార్చి, తన నోరూ జారాడు.

కాలు బెణికింది. చరిత అరసవల్లి వెళ్ళిపోయింది. ఆ ఆదివారం తిరుమలరావు క్షమాపణ చెప్పడానికి బయల్దేరాడు. ఉత్త చేతులతో వెళ్ళకూడదని వాళ్ళమ్మ ఒక పనసపండు ఇచ్చి పంపింది. అది మాగిన పండు. బస్సు కదలకముందే ఆ సంగతి శ్రీకాకుళం వెళ్ళే ప్రయాణికులందరికీ తెలిసిపోయింది. ముక్కు మూసుకున్నవాళ్ళూ, ఎక్కడ దొరికిందని అడిగినవాళ్ళూ సరిసమానంగా ఉన్నారు.

తలుపు అనంతకృష్ణ గారే తీశారు.

"ఎవరు బాబూ?"

"మీ అమ్మాయి కాలు... నేనేనండి మేస్టారూ."

ఆయన అతన్నీ పనసపండునీ మార్చి మార్చి చూశారు. "దీన్ని మాత్రం జాగ్రత్తగానే పట్టుకొచ్చావు. లోపలికి రా."

చరిత కుర్చీలో కాలు చాపుకుని కూర్చుంది. "నాన్నా, అతన్ని ఆ మూల కూర్చోపెట్టు. చేతికి ఏ కాలూ అందకూడదు."

తిరుమలరావు మూల కూర్చున్నాడు. బస్సులో కంఠస్థం చేసిన క్షమాపణలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు. "నాకు డేన్సు రాదండి," అన్నాడు. నిజం కదా అని ధైర్యం వచ్చింది.

"రాకపోవడం కాదు. నీకు లెక్క తెలీదు," అంది చరిత. "ఆ పాట ఏడుకి నడుస్తుంది. మన మిశ్రచాపు తాళమే అది. లెక్క నోట్లో ఆడుతుంటే చెయ్యి ఊరికే పక్కవాళ్ళ కాళ్ళమీదికి పోదు. అను. తకిట, తకధిమి."

తిరుమలరావు అన్నాడు. ఏడు అక్షరాలు ఒకసారి ఎనిమిదయ్యాయి, ఇంకోసారి ఆరయ్యాయి. పనసతొనలు తెచ్చిన చరిత వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక వెనక్కి వెళ్ళిపోయింది.

"నీ నాలికకి బాగా అలవాటైన మాట ఏదైనా ఉందా బాబూ?" అన్నారు అనంతకృష్ణ గారు.

"కబడ్డీ అండి. కూత పెట్టడం."

ఆయన కళ్ళు మూసుకుని తొడమీద తాళం వేసుకున్నారు. "దాని ముందు పట్టు అని చేర్చు. పట్టు, కబడ్డి. మూడూ నాలుగూ ఏడు. డీ అని సాగదీయకు, డ్డి అని కొట్టు."

"పట్టు కబడ్డి. పట్టు కబడ్డి. పట్టు కబడ్డి."

ఆయన కళ్ళు తెరిచారు. "ఇన్నాళ్ళూ పాఠం చెబుతున్నాను గానీ, మిశ్రచాపు చేత కూత పెట్టించడం ఇవాళే."

చరిత నవ్వింది. పడిపోయిన నాటి కోపమంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. తిరుగు బస్సు చిలకపాలెం దాటేసరికి తిరుమలరావుకి తను ప్రేమలో ఉన్నాడని తెలిసింది. రణస్థలం వచ్చేసరికి ఇందులో తనకి ఏ మాత్రం అవకాశం లేదని కూడా తెలిసింది.

కాలు నయమై చరిత తిరిగి వచ్చాక, మేడం తిరుమలరావుని చివరినుంచి తీసేసి రెండో స్థానంలో పెట్టింది. "ఇటు చరిత, అటు సోములు. నీ రెండు చేతులూ ఖాళీగా ఉండకూడదు," అంది. అబ్బాయికీ అమ్మాయికీ మధ్య ఒక చేతిరుమాలు. దాని కొసలు చెరొకరూ పట్టుకోవాలి. గ్రీకుల్లో కూడా ఇలా ఉందట. ప్రిన్సిపాల్‌కి చెప్పుకోవడానికి ఒక దారి దొరికిందని మేడం ఊపిరి పీల్చుకుంది.

వానాకాలం. హాలుకి రేకుల కప్పు. వాన పడితే స్పీకర్లో పాట ఒక్క ముక్క వినపడేది కాదు. అప్పుడు వరసంతా తిరుమలరావు కూతమీదే నడిచేది.

"గట్టిగా అను," అనేది చరిత.

"సిగ్గేస్తాది."

"నా కాలు పట్టుకున్న రోజు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణుంచి వచ్చింది?"

ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో తిరుమలరావుకి తెలుసు. చెప్పే ధైర్యం లేక ఒకరోజు మాట మార్చాడు. "నాను కబడ్డీ కోచ్ని అవ్వాలనుకున్నోన్ని. మా ఊళ్ళో ఆడపిల్లల జట్టు పెడదావని. ఇక్కడేటి సేస్తన్నానో నాకే తెలీదు. సీటు దొరికితే రేపే ఎల్లిపోతాను."

చరిత రుమాలు కొస సరిచేసుకుంటూ, "నిజంగానా?" అంది.

"మరేటనుకున్నావు?" అన్నాడు వీరుడిలా. వీరుల్లో ఇలాంటి వెధవలు కూడా ఉంటారని అతనికి తర్వాత అర్థమైంది.

దసరా సెలవులయ్యాక కబడ్డీ కోచింగ్‌లో ఒకడికి పోలీసు ఉద్యోగం వచ్చి సీటు ఖాళీ అయింది. సోములు పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే, సరిత మన మేడం దగ్గరకెల్లి నిన్ను కబడ్డీకి పంపించీమని అడిగింది. నా సెవుల్తో ఇన్నాను."

తిరుమలరావు అక్కడే కూలబడ్డాడు. వదిలించుకోవాలని చూస్తోందన్నమాట. ఎందుకడిగావని వెళ్ళి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అంత తెలివైన పని చేస్తే అతను తిరుమలరావు ఎందుకవుతాడు? తిన్నగా ఆఫీసుకి వెళ్ళి మార్పు కాగితం మీద సంతకం పెట్టేశాడు.

వరండాలో చరిత ఎదురైంది.

"వెళ్తున్నావా?"

"ఎల్తన్నాను."

"మంచిది."

"మంచిదే."

కోరుకున్న సీటు వచ్చింది. కోచింగూ బాగానే వచ్చింది. కానీ జట్టు చేత అతను చేయించే అడుగులన్నీ తెలీకుండానే ఏడుకి నడిచేవి. "అన్నా, మనం కబడ్డీయే కదా ఆడతన్నాం?" అని జూనియర్లు అనుమానంగా అడిగేవారు. హాలు పక్కనుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు. లోపల తన స్థానంలో ఎవరున్నారో చూడాలని ఉండేది, చూడకూడదని పంతం. చరిత లేని కోచ్ ఉద్యోగం రేపు వచ్చినా చేదుగానే ఉంటుందని అతనికి రోజూ అనిపించేది.

ప్రాక్టికల్ పరీక్షల రోజుకి బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టింది. కొడుకు కోచ్ పరీక్ష చూద్దామని జగన్నాధం ఊరినుంచి వచ్చాడు. గ్రౌండు చెరువైపోవడంతో కబడ్డీ మర్నాటికి వాయిదా పడింది. అందరూ వానకి హాల్లోకి చేరారు. అక్కడ గ్రీకు నాట్యం పరీక్ష జరుగుతోంది. తండ్రీకొడుకులకి ముందు వరస కుర్చీలే దొరికాయి. అవతలి కుర్చీలో కూతురి పరీక్ష చూడ్డానికొచ్చిన అనంతకృష్ణ గారు.

వరస ఒక చుట్టు తిరిగింది. విశాఖపట్నం నుంచి వచ్చిన ఎగ్జామినర్ చెయ్యెత్తి ఆపాడు.

"బాగుందమ్మా. కానీ ఇది రిక్రియేషన్ పేపరు. చూసేవాళ్ళలోంచి ఒకర్ని తెచ్చి కలపండి. అప్పుడు మార్కులు వేస్తాను."

చరిత హాలు ఈ చివరినుంచి ఆ చివరికి చూసింది. తర్వాత తిన్నగా నడిచి వచ్చి తిరుమలరావు ముందు నిలబడింది.

"లే."

"నాను కాదు. నేర్సుకున్నోన్ని తెస్తే రూలు ఒప్పదు."

"డాన్సు రానివాణ్ణి తేవాలి, అదే రూలు. ఈ హాల్లో నీకన్నా రానివాడెవడున్నాడు?"

"ఎల్లరా," అన్నాడు జగన్నాధం. "ఆ పిల్ల నిజమే సెప్తన్నాది."

తిరుమలరావు లేచి చరిత పక్కన రుమాలు కొస పట్టుకున్నాడు. పాట మొదలైంది, వాన దాన్ని మింగేసింది. "కూత పెట్టు," అంది చరిత. వరస కదిలింది.

"పట్టు కబడ్డి, పట్టు కబడ్డి. నన్నెందుకు పంపించీసావు?"

"నువ్వే అన్నావుగా, సీటు దొరికితే రేపే పోతానని."

"ఏదో అన్నాను. ఉండిపో అంటే ఉండిపోదును కదా."

"ఉండిపోయేవాడివనే అనలేదు. ఆడపిల్లల జట్టు ఎవడు పెడతాడు? నాకోసం అది వదులుకుని, ముసలాడివయ్యాక రోజూ నన్ను దెప్పుతావా?"

ముసలాడివయ్యాక, రోజూ. ఆ రెండు మాటలూ తిరుమలరావు చెవిలో గింగిరాలు తిరిగాయి. ఇన్నాళ్ళూ ఆమె వదిలించుకుందని అతను ఏడ్చాడు. ఆమె అంత దూరం లెక్కేసి పంపింది. కబడ్డీలో కూత ఆపితే ఔటు. ఇప్పుడు ఆగితే మళ్ళీ జన్మలో చెప్పలేనని అతనికి తెలిసింది.

"పట్టు కబడ్డి, పట్టు కబడ్డి, నాకు ఇష్టం, నువ్వు చరితా, పట్టు కబడ్డి."

వరస వంకరపోయింది. సోములు ముందువాణ్ణి గుద్దుకున్నాడు, వెనకవాళ్ళు సోముల్ని గుద్దుకున్నారు. పదడుగులు ఎవరిష్టం వాళ్ళు వేశాక గానీ మళ్ళీ తాళంలో పడలేదు. ఎగ్జామినర్ నవ్వుతూనే రెండు మార్కులు కోసేశాడు.

తిరుమలరావు తల దించుకుని అనంతకృష్ణ గారి దగ్గరికి వెళ్ళాడు. "క్షమించండి మేస్టారూ. మళ్ళీ నానే పాడు సేసేను."

"నువ్వా? నువ్వు తప్పలేదు బాబూ," అన్నారాయన. "ఏమన్నావో ఈ వానలో నాకు వినపడలేదు గానీ, నీ పెదవులు ఏడులోనే ఉన్నాయి. అడుగు తప్పింది మా అమ్మాయి. మూడో ఏటినుంచీ నా పక్కన కూర్చుని తాళం వేసింది. అది తప్పడం నేను ఇవాళే చూశాను."

చరిత నేలవైపు చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"అంత తప్పించే మాట ఏమిటో నేనూ తెలుసుకోవాలి," అన్నారు అనంతకృష్ణ గారు. "మీ నాన్నగారిని తీసుకుని ఒకసారి ఇంటికి రా."

"నానిక్కడే ఉన్నాను బాబూ," అన్నాడు పక్క కుర్చీలోంచి జగన్నాధం. "టీ తాగుదారి, రండి. ఈలని ఒగ్గీండి కాసేపు."

పెద్దవాళ్ళిద్దరూ ఒకే గొడుగులో క్యాంటీన్ వైపు వెళ్ళారు. చరిత నెమ్మదిగా తలెత్తింది.

"మళ్ళీ అను."

"ఏటి?"

"అదే. ఈసారి తప్పను."

తిరుమలరావు మళ్ళీ చెప్పాడు, ఈసారి కూత లేకుండా.