ఊపిరి తీసే చోటు

రిహార్సల్ సగంలో ఉండగా క్లారినెట్ వాయించే ఆయన కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. కిందపడిన పేజీ తీసుకోవడానికి వంగాడనుకున్నారు అందరూ. ఎంతకీ లేవకపోయేసరికి పాడుతున్న ఆవిడ పాట ఆపి, దగ్గరికెళ్ళి భుజం తట్టింది. అప్పటికే ప్రాణం పోయింది.

క్లారినెట్ మూతి దగ్గర రీడ్ అని ఒక పల్చటి రెల్లుబద్ద ఉంటుంది. వాయించబోయే ముందు దాన్ని నాలుక మీద పెట్టుకుని తడుపుకోవడం ఆ వాద్యం పట్టిన ప్రతివాడికీ అలవాటే. ఎవరో ఆ బద్దకి విషం పట్టించారు. డాక్టరు మాత్రం గుండెపోటని రాశాడు. అలా రాయమని చెప్పింది గూఢచారి డిపార్ట్‌మెంటే.

కళ్ళద్దాల షాపు పై అంతస్తులో, బయట బోర్డు కూడా లేని ఆఫీసులో, మర్నాడు పొద్దున్నే ఏజెంట్ 'వెదురు'కి పిలుపొచ్చింది. ఒకప్పుడు సైనిక బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు కాబట్టి అతనికి ఆ కోడ్‌నేమ్ పెట్టారు. తర్వాత చాలా పేర్లతో చాలా ఊళ్ళు తిరిగాడు గానీ క్లారినెట్ పెట్టె మళ్ళీ తెరవలేదు.

"చేతిలోకి తీసుకుని ఎన్నాళ్ళయింది?" అన్నాడు డైరెక్టర్.

"చాలా ఏళ్ళు."

"ఆదివారానికి తీసుకోవాలి."

బ్రీఫింగ్ క్లుప్తంగానే సాగింది. ఒక ముసలి స్వరకర్త ఉన్నాడు. గాయనికీ క్లారినెట్‌కీ కలిపి చిట్టి చిట్టి రచనలు చేస్తాడు. ఒక్కొక్కటీ నిమిషం కూడా ఉండదు. మినియేచర్లు అంటాడు వాటిని. నెలకో ఆదివారం పొద్దున అవి ఒక చిన్న హాల్లోంచి రేడియోలో లైవ్‌గా వస్తాయి. ఎవరో సంగీతాభిమానులు డబ్బిచ్చి రాయిస్తున్నారని ఆయన నమ్మకం. రాయిస్తున్నది డిపార్ట్‌మెంట్. సరిహద్దు అవతల ఉన్న మనవాళ్ళు రేడియో వింటారు. పాటలో 'వంతెన' అని వస్తే ఒక దారి, 'కిటికీ' అని వస్తే ఇంకో దారి. ఏ మాటకి ఏ దారో నెలనెలా మారుతుంది. అది ఇవతల తెలిసింది ఇద్దరికే, డైరెక్టర్‌కీ పాడే ఆవిడకీ.

"అవతల పదకొండు మంది ఉండేవాళ్ళు," అన్నాడు డైరెక్టర్. "ప్రతి ప్రోగ్రాం తర్వాత ఒకరిద్దరు దొరికిపోతున్నారు. సరిగ్గా దాటే చోటే కాపు కాసి పట్టుకుంటున్నారు. ఇప్పుడు ముగ్గురు మిగిలారు. ఈ ఆదివారం ఆ ముగ్గురినీ బయటికి తెచ్చేస్తున్నాం."

"లీకు ఎక్కడ?"

"కోడ్ ఎవరో విప్పేసి ఉంటారు. ముసలాయన కావచ్చు. రేడియో ఇంజినీరు కావచ్చు. పోయినాయన అదేంటో కనిపెట్టి ఉంటాడు, అందుకే పోయాడు. గాయని సంగతి వదిలెయ్. అవతలివాళ్ళ దగ్గర పనిచేస్తున్నట్టు నటిస్తూ మనకి పనిచేస్తుంది. ఆమె మన మనిషి."

వెదురుకి వెనకటి ప్రోగ్రాముల రికార్డింగులు, మందపాటి అద్దాల కళ్ళజోడు, సంగీతం బడి మాస్టారినని చెప్పే కార్డు, శ్రుతి చూసుకునే ట్యూనర్‌లా కనిపించే ట్రాన్స్‌మిటర్ ఇచ్చి పంపారు. రీడ్‌లు మాత్రం తనే కొనుక్కున్నాడు, మూడు వేర్వేరు షాపుల్లో.

సొప్రానో అంటే ఆడగొంతుల్లో అన్నిటికన్నా పైకి వెళ్ళే గొంతు. గాయని గొంతూ అంతే, మనిషీ అంతే. ఆకుపచ్చ కోటు వేసుకుని హాల్లోకి నడిచొస్తుంటే తుడిచేవాడు కూడా చీపురు ఆపి చూసేవాడు. మొదటి రోజు చెయ్యి కలుపుతూ, "రీడ్ ఎన్నాళ్ళొస్తుందండీ?" అంది.

"ఊదేవాణ్ణి బట్టి," అన్నాడు వెదురు. అది కోడ్. ఆవిడ తల కొద్దిగా ఊపి నోట్‌స్టాండు దగ్గరికి వెళ్ళింది.

అతని వేళ్ళు మొద్దుబారిపోయాయి. పెదవి లోపల పుండ్లు పడ్డాయి. రెండు రోజులు అతని క్లారినెట్‌లోంచి బాతు అరిచినట్టే వచ్చింది. ముసలాయన కోప్పడలేదు. బట్టతల మీద చెయ్యి రాసుకుంటూ, అర నిమిషంలో మనిషి బతుకంతా పట్టించొచ్చు బాబూ, తొందరపడకపోతే చాలు అనేవాడు. ఆయన రచనల్లో క్లారినెట్‌కి ఊదడం కంటే ఆగడమే ఎక్కువ. నాలుగు స్వరాలు, తర్వాత మౌనం. అందులోకి ఆవిడ గొంతు ఒంటరిగా వచ్చేది. ఆ మౌనం కోసమే పాట రాశానని ఆయన చెప్పేవాడు. తన ప్రోగ్రాములకి వచ్చే పాతికమంది నిజంగా వినడానికే వస్తున్నారని ఆయన సంతోషం. వాళ్ళంతా డిపార్ట్‌మెంట్ క్లర్కులనీ, చప్పట్లు కొట్టడం వాళ్ళ ఆదివారం డ్యూటీ అనీ చెప్పడానికి వెదురుకి మనసొప్పలేదు. ఆయన మీద అనుమానం ఒక్కరోజులోనే పోయింది. ఇంజినీర్ని వెంటాడితే అతను ప్రతి సాయంత్రం తిన్నగా ఇంటికెళ్ళి నిద్రపోయే మనిషని తేలింది.

శనివారం రిహార్సల్ గాయని ఇంట్లో పెట్టుకున్నారు. మూడో అంతస్తులో ఇరుకు ఫ్లాటు. వాళ్ళమ్మ వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి మగవాళ్ళ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. పక్కన అలాంటివే ఇంకో ఏడెనిమిది మడతపెట్టి ఉన్నాయి. గాయని బట్టలు మార్చుకునే లోపు వెదురు వంటింట్లోకి మంచినీళ్ళకి వెళ్ళాడు.

"మా అబ్బాయివి బాబూ," అంది ముసలావిడ. "వేరే దేశంలో పని. వచ్చేనాటికి ముడతలు పడి ఉంటే బాగోదని వారానికోసారి మళ్ళీ చేస్తాను."

ఫోన్ చేస్తుంటాడా అని ఏదో మాటవరసకి అడిగాడు వెదురు.

"నెలకోసారి తప్పకుండా. అక్క పాట రేడియోలో వచ్చిన మర్నాడు చేస్తాడు. విన్నానమ్మా, బాగా పాడింది అంటాడు. వేరే రోజు చెయ్యడు. అక్క పాటంటే అంత ప్రాణం వాడికి."

వెదురు గ్లాసు కింద పెట్టేశాడు. నీళ్ళు తాగాడో లేదో అతనికే గుర్తులేదు.

ఆదివారం తెల్లవారకముందే లేచి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాత రికార్డింగులు వినడం మొదలుపెట్టాడు. ఇంతకుముందు క్లారినెట్ నేర్చుకోవడానికి విన్నాడు. ఇప్పుడు క్లారినెట్‌ని వదిలేసి ఆవిడ ఊపిరి ఒక్కటే విన్నాడు. రిహార్సల్స్‌లో రెండు వరుసలు గుక్క తిప్పుకోకుండా పాడే మనిషి, రేడియోలో మాట మధ్యలో ఊపిరి తీస్తోంది. 'వం' అని ఆగి 'తెన' అంటోంది. ఇంకో పాటలో అయిదో అక్షరం తర్వాత, మరో దాంట్లో రెండో అక్షరం తర్వాత. సరిగ్గా క్లారినెట్ ఆగే మౌనంలో, మైక్‌కి స్పష్టంగా వినిపించేలా. ఆ అంకెలు వరసగా పేర్చి మ్యాపు గడులతో పోల్చి చూశాడు. మనవాళ్ళు దొరికిపోయిన చోట్లన్నీ ఒక్కటి తప్పకుండా అందులో ఉన్నాయి.

పాట మనవాళ్ళకి దారి చెబుతోంది. ఊపిరి అదే దారిని శత్రువులకి చెబుతోంది.

హాలు వెనక గదిలోంచి డైరెక్టర్‌తో మాట్లాడాడు. ఇద్దరూ ఉపాయాలు వెతికారు. ప్రోగ్రాం ఆపేద్దామంటే, ఈ రోజు దాటకపోతే ఆ ముగ్గురూ ఇక దాటలేరు. వేరేవాళ్ళ చేత పాడిద్దామంటే, గొంతు మారితే అది ఉచ్చు అనుకుని కదలొద్దని వాళ్ళకి ముందే చెప్పి ఉంచారు. పాడాల్సింది ఆవిడే, పాడాల్సింది ఆ మాటలే.

"ఊపిరి మాత్రం వినపడకూడదు," అన్నాడు డైరెక్టర్. "ఎలాగో నాకు తెలీదు. అది నీ పని."

గ్రీన్‌రూమ్‌లో ఆవిడ అద్దం ముందు కూర్చుని ఉంది. వెదురు తలుపు వేసి అక్కడే నిలబడ్డాడు.

"మీ తమ్ముడు ఎక్కడున్నాడు?"

ఆవిడ వెనక్కి తిరగలేదు. అద్దంలోనే అతన్ని చూసింది. అబద్ధమాడదామని కూడా ప్రయత్నించలేదు. అవతలివాళ్ళ జైల్లో ఉన్నాడని, ఒక ప్రోగ్రాంకి ఒక నెల చొప్పున బతకనిస్తున్నారని, క్లారినెట్ ఆయన్ని చంపుతారని తనకి తెలియదని చెప్పింది. తెలిసుంటే ఏం చేసేదాన్నో అడక్కండి, నాకే తెలీదు అంది.

"అవతల ముగ్గురున్నారు. వాళ్ళకీ అక్కలుంటారు."

"ఉంటారు. వాళ్ళ చొక్కాలు మా ఇంట్లో లేవు కదండీ."

మీ తమ్ముణ్ణి తీసుకురావడానికి మావాళ్ళు ప్రయత్నిస్తారు అన్నాడు వెదురు. ఆ మాట తన చెవికే డొల్లగా వినిపించింది. ఆవిడ లేచి కోటు సర్దుకుని స్టేజి మీదకి నడిచింది.

లైవ్ మొదలైనట్టు ఎర్ర లైటు వెలిగింది. పాతికమంది క్లర్కులు చప్పట్లు కొట్టారు. ముసలాయన మొదటి వరసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

మొదటి రెండు పాటల్లో ఏమీ లేదు. మూడో దానిలో వెదురు నాలుగు స్వరాలు ఊది ఆపాల్సి ఉంది. ఆపలేదు. బ్యాండులో ఉన్నప్పుడు ఒక ముసలి హవల్దారు నేర్పిన విద్య అది. బుగ్గల్లో గాలి దాచుకుని వదులుతూ, ముక్కుతో కొత్త గాలి పీల్చుకుంటూ, తెంపు లేకుండా ఊదడం. స్వరం అలా సాగుతూనే ఉంది. ఆవిడ మాట మధ్యలో తీసిన ఊపిరి దాని కింద మునిగిపోయింది. మాటలు మాత్రం పైన తేలాయి.

ఆవిడ ఓరగా చూసింది. నాలుగో పాటలో ఊపిరిని ఇంకా సాగదీసింది. అతను ఇంకా గట్టిగా ఊదాడు. అయిదో దాంట్లో మైక్‌కి దగ్గరగా జరిగింది. అతను కూడా జరిగాడు. ముసలాయన మొహం పాలిపోయింది. తన మౌనాలన్నిటినీ ఎవరో కాళ్ళతో తొక్కుతున్నట్టు చూస్తున్నాడు. ఒకసారి లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

చివరి పాటకి వచ్చేసరికి వెదురు పెదవి చిట్లి రక్తం క్లారినెట్ మూతిలోకి కారుతోంది. చెవుల్లో హోరు. చివరి వరస ముందు రీడ్ రెండుగా చీలింది. క్లారినెట్‌లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అతని దగ్గర ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. కళ్ళు మూసుకున్నాడు.

ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. హాలంతా నిశ్శబ్దం. ఒక్క ఊపిరి చాలు, ముగ్గురూ పోతారు.

ఆవిడ చివరి వరస ఎత్తుకుంది. రెండో అక్షరం దాటింది. అయిదోది దాటింది. వరస సగానికొచ్చింది. ముసలాయన అక్కడ గుక్క తిప్పుకోవడానికి చోటు కూడా ఇచ్చాడు. అక్కడా ఆవిడ ఆగలేదు. మెడ నరాలు ఉబ్బాయి, మొహం కందిపోయింది, గొంతు దారంలా సన్నబడింది. అయినా తెగలేదు. చివరి అక్షరం అయ్యాక ఇంకా కాసేపు నోరు మూసుకునే నిలబడింది. ఎర్ర లైటు ఆరాకే ఊపిరి తీసుకుంది. పాతికమంది చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఏమీ తెలియదు.

ఆవిడని పట్టుకెళ్ళడానికి వచ్చిన డిపార్ట్‌మెంట్ మనుషులు మెట్ల దగ్గర ఉన్నారు. వెదురు నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని చివర్లో ఊపిరి ఎందుకు తియ్యలేదు అని అడిగాడు.

"పోయిన నెల వాడు ఫోన్ చేసినప్పుడు మధ్యలో దగ్గాడు," అంది ఆవిడ. "అంతకుముందు నెలా అదే మాట దగ్గర దగ్గాడు. అదే దగ్గు. ఎంతసేపు దగ్గాడో, ఏ శ్రుతిలో దగ్గాడో కూడా అదే. అమ్మ గమనించలేదు. నాకేమో పాడు చెవులు కదండీ, ఒకసారి వింటే మర్చిపోవు." కోటు గుండీలు పెట్టుకుంది. "అది టేపు. వాడు ఎప్పుడు పోయాడో తెలీదు. తెలియనట్టే ఇంకో నెల పాడదామనుకున్నాను. మీరు అలా రక్తం కారుతూ ఊదుతుంటే, నేను ఎవరికోసం పాడుతున్నానో నాకే అర్థం కాలేదు."

అమ్మకి చెప్పకండి అని మాత్రం అడిగి కారెక్కింది.

సాయంత్రానికి కబురొచ్చింది. ముగ్గురిలో ఒకరు దాటారు. మిగతా ఇద్దరినీ శనివారమే, ఇంకేదో దారిన కనిపెట్టి, ఇళ్ళలోనే పట్టుకున్నారట. ఒకరైనా వచ్చారు అన్నాడు డైరెక్టర్.

సోమవారం వెదురు ఆ మూడో అంతస్తుకి వెళ్ళాడు. మీ అమ్మాయి ప్రోగ్రాం పని మీద పై ఊరు వెళ్ళింది, చెప్పి రమ్మంది అన్నాడు. ముసలావిడ ఫోన్‌ని ఇస్త్రీ బల్ల మీదకి తెచ్చి పెట్టుకుని ఉంది. లైన్లు పాడైనట్టున్నాయి అన్నాడు. అయితే రేపు చేస్తాడులే అంది ఆవిడ. అతను లేవలేక, చీకటిపడేదాకా అక్కడే కూర్చున్నాడు. మధ్యలో ఆవిడ పేపర్ తెచ్చి, మొహమాటంగా చేతికిచ్చింది.

"మిమ్మల్ని తిట్టారు బాబూ. బాధపడకండి."

సంగీత విమర్శకుడు నాలుగు వాక్యాలు రాశాడు. గాయని చివరి వరస అద్భుతమట. రచనలు సున్నితమట. క్లారినెట్ వాయించిన మనిషికి మాత్రం ఎక్కడ ఆగాలో బొత్తిగా తెలియదట.

మర్నాడు డైరెక్టర్ ఆ ముక్కని కత్తిరించి వెదురు ఫైల్లో అతికించి, పక్కన ఎర్ర ఇంకుతో 'పనితీరు సంతృప్తికరం' అని రాశాడు.