నల్లెనుము గొంతు

లిస్బన్‌లో పట్టపగలు హత్య జరిగింది. హతుడి వయసు అరవై పైమాటే. నల్లటి ఒళ్ళు, వెడల్పాటి ముఖం, నడుమంత ఎత్తు. పోయే ముందు ఒక్క కేక పెట్టాడు. ఆ తర్వాత వీపులోంచి పొగ వచ్చింది.

"హతుడి పేరు?" అడిగింది సత్యప్రియ.

"పేరు లేదు, మోడల్ నంబరుంది," అన్నాడు చీఫ్ కరుప్పుసామి. "గిటార్ యాంప్లిఫయర్."

సత్యప్రియ నవ్వలేదు. శబ్ద రక్షణ విభాగంలో చేరిన కొత్తలో ఇలాంటివాటికి నవ్వేది. హోసూరులో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పైన రెండు గదుల్లో నడిచే ఆ విభాగం ప్రభుత్వానికి ఏడాదికి ఒక్కసారే గుర్తొస్తుంది, బడ్జెట్ కోసేటప్పుడు. కింద డాక్టరు డ్రిల్లు తిప్పినంతసేపూ పైన బ్రీఫింగ్ ఆపాల్సిందే.

డ్రిల్లు ఆగింది. కరుప్పుసామి అందుకొన్నాడు.

"ముఠా పేరు మ్యూట్. లీడర్ ఆల్డ్రిచ్. పని రెండు స్టెప్పుల్లో. స్టెప్ వన్, క్యాప్చర్. పాత వాల్వు యాంప్లిఫయర్ దొరికితే దాని లోపలికి ఒక టెస్ట్ సిగ్నల్ పంపుతారు. బయటికొచ్చిన మోతను మైకుతో పట్టుకొంటారు. లోపలికి పోయింది ఇదీ, బయటికొచ్చింది ఇదీ అని రెంటినీ పోల్చుకొని కంప్యూటర్ ఆ గొంతు నేర్చుకొంటుంది. అంతటితో యాంప్లిఫయర్ గొంతు ఒక ఫైలైపోతుంది."

"అందులో తప్పేముంది సార్? లోకమంతా చేస్తున్నదే. మా ఇంట్లో నేనూ చేశాను."

"తప్పు స్టెప్ టూలో ఉంది. ఫైల్ చేతికి రాగానే అసలుదాంట్లోకి హై వోల్టేజ్ వదిలి కాల్చేస్తారు. ఇక ఆ గొంతు లోకంలో ఒక్క చోటే ఉంటుంది, వాళ్ళ సర్వర్లో. కావాలంటే వాళ్ళ దగ్గర కొనాల్సిందే. లిస్బన్‌లో దాని సొంతదారు పెద్దాయన ఇప్పుడు తన పాట తన గొంతుతో వాయించాలంటే వాళ్ళ పర్మిషన్ అడగాలి."

"నెక్స్ట్ టార్గెట్?"

"పెరియంపట్టి. తిమ్మమ్మ అనే ఆవిడ దగ్గరుంది."

సత్యప్రియ కాఫీ గ్లాసు కింద పెట్టింది. ఆమె పుట్టింది ఆ పక్కనే కంబైనల్లూరులో. తిరునాళ్ళలో తిమ్మమ్మ గిటారు మోగుతుంటే అవ్వ భుజం మీద నిద్రపోయిన పిల్ల. అసలు ఆ మోతలో నిద్రపోగలిగిన పిల్ల ఆ చుట్టుపక్కల ఆమె ఒక్కతే.

"అందుకే నిన్ను పంపుతున్నా," అన్నాడు చీఫ్. "కవర్ ఏమిటంటే, నువ్వు ముంబై సౌండ్ ఇంజనీర్ మిస్ నైనావి. తెలుగు రాదు, తమిళం రాదు."

"సొంత ఊరి దగ్గరా సార్?"

"అక్కడే కష్టం. ఇవిగో జూకాలు. ఎడమది నొక్కితే గదిలో ఉన్న మైకులన్నీ చెవిటివైపోతాయి. లోపల మన మనిషి వెన్నిల ఉంది. నిన్ను ఇంజనీరుగా పెట్టించింది ఆమే. కోడ్, వాన వచ్చేలా ఉంది. జవాబు, గొడుగు మరిచాను. ఆమె మన ఏజెంట్. వాళ్ళు మాత్రం తమ ఏజెంటనుకొంటున్నారు."

"ఎవరు కరెక్ట్ సార్?"

కింద డ్రిల్లు మళ్ళీ మొదలైంది.

* * *

ముహూర్తాలు లేని నెల కావడంతో పెరియంపట్టి కల్యాణ మండపం ఖాళీగా ఉంది. పాత కళాకారుల మీద డాక్యుమెంటరీ తీస్తున్నామని చెప్పి ఆల్డ్రిచ్ దాన్ని బాడుగకు తీసుకొన్నాడు. వేదిక మీద, పెళ్ళికూతురు కూర్చోవాల్సిన చోట, నల్లెనుము ఉంది.

నల్ల గేదెలా ఉందని తిమ్మమ్మ తన యాంప్లిఫయర్‌కు పెట్టుకొన్న పేరే అది. ఆమె భర్త పనస చెక్కతో పెట్టె కట్టి, పాత రేడియోల వాల్వులు బిగించి తయారుచేశాడు. ఆయన పోయినా అది అరుస్తూనే ఉంది. నలభై ఏళ్ళుగా ఎక్కని తిరునాళ్ళ వేదిక లేదు. నుదుట పసుపూ కుంకుమా, మెడలో చామంతుల మాల. దాని వైరుకు ప్లగ్గు లేదు. ఆ తట్టు సౌండ్ సెట్ వాళ్ళ పద్ధతిలో వైరు కొనలు రెండూ నేరుగా పాయింట్ బొక్కల్లో దూర్చి, రెండు అగ్గిపుల్లలతో బిగించారు.

ఆల్డ్రిచ్ ఆ అగ్గిపుల్లల్ని పాముల్ని చూసినట్టు చూశాడు.

"మా ఊర్లో ఇంతే సార్," అన్నాడు అతని మనిషి చిన్నతంబి, తనకొచ్చిన ఇంగ్లీషులో. తలుపంత వెడల్పున్న ఆ లోకల్ రౌడీ తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ప్లగ్గు లూజవుతుంది. అగ్గిపుల్ల కాదు."

తిమ్మమ్మ ఎర్ర గిటారు ఒళ్ళో పెట్టుకొని సత్యప్రియను ఎగాదిగా చూసింది. "బొంబాయి పాపంట. రసమన్నము అరచేత్తో ఎత్తుకొని తినింది. బొంబాయిలో గూడా నేర్పిస్తారు గాబోలు."

సత్యప్రియ అర్థం కానట్టు నవ్వింది. ఆ నవ్వు చాలా కష్టపడి నేర్చుకొన్నది.

నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్ళద్దాలు, వేలికో ఉంగరంతో వెన్నిల వచ్చింది. ఆమె నడిచొస్తుంటే మండపంలోని ఫ్యాన్లు కూడా కొంచెం నెమ్మదించినట్టు అనిపించింది. ఇంగ్లీషు తప్ప మరో భాష ఆమె నోట ఎవరూ వినలేదు.

"వాన వచ్చేలా ఉంది," అంది సత్యప్రియ ఇంగ్లీషులో.

బయట ఎండ పెళపెళలాడుతోంది. "గొడుగు మరిచాను," అని వెన్నిల నవ్వింది. ఏ పార్టీకైనా సరిపోయే నవ్వు అది.

ఆల్డ్రిచ్ లాప్‌టాప్ తెరిచాడు. ముందు రెండు టిక్‌లు వస్తాయన్నాడు. కంప్యూటర్‌కు అవే గడియారం. సిగ్నల్ యాంప్లిఫయర్ దాటి రావడానికి ఎంత సేపు పట్టిందో వాటిని బట్టే లెక్కేసుకొంటుంది. ఆ రెండూ తప్ప ఇంకో చప్పుడు వినిపిస్తే లెక్క తప్పుతుంది. "కాబట్టి ఎవరూ కదలొద్దు. ఊపిరి కూడా మర్యాదగా పీల్చండి."

నల్లెనుము వైరుకు కట్టిన చిన్న పెట్టె సత్యప్రియ కంటపడింది. పైన దీపం, ఇంకా వెలగలేదు. ఫైల్ పూర్తవగానే అది వెలుగుతుంది. ఆపైన పొగే. ఆమె చెయ్యి ఎడమ జూకా వైపు కదిలింది.

టిక్.

నల్లెనుము నోట్లోంచి వచ్చిన ఆ చప్పుడు అచ్చం గోడ మీద బల్లి పలికినట్టే ఉంది. జూకా దాకా పోవాల్సిన చెయ్యి దారి మార్చింది. వేళ్ళు వాటంతటవే టేబుల్ మీద మూడుసార్లు తట్టాయి. పెదాలు "కృష్ణ కృష్ణ" అన్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి బల్లి పలికితే అవ్వ చేసిందే, అవ్వ చేయించిందే.

లాప్‌టాప్ ఎర్రబడింది. రెండు టిక్‌లు ఉండాల్సిన చోట దానికి అయిదు వినబడ్డాయి.

"సార్," అన్నాడు చిన్నతంబి, చాలా తీరిగ్గా. "ఈయమ్మ బొంబాయి కాదు. గౌళి పలికితే తట్టింది. మా ఊరామే."

కాలేజీ చదువు, ఏజెంటు ట్రైనింగు, ముంబై యాస అన్నీ ఒక బల్లి దగ్గర ఓడిపోయాయి. నిమిషంలో జూకాలు ఆల్డ్రిచ్ జేబులోకి పోయాయి, సత్యప్రియ ప్లాస్టిక్ కుర్చీలోకి పోయింది. స్పీకర్ వైరుతో చేతులు వెనక్కి కట్టేశారు. వెన్నిల చూస్తూ ఊరుకొంది. ఇక దాచేదేమీ లేదు.

"అవ్వా!" అని అరిచింది సత్యప్రియ. "వీళ్ళు సినిమా తీసేకి రాలేదు. నీ ఎనుము గొంతు ఎత్తుకొని, దాన్ని కాల్చేసి పోయేకి వచ్చినారు. ఆ పెట్టె అందుకే."

తిమ్మమ్మ పెట్టెను చూసింది. ఆల్డ్రిచ్‌ను చూసింది. గిటారు పక్కన పెట్టి లేచింది. చిన్నతంబి అడ్డం వచ్చాడు.

"తియ్యరా చెయ్యి. నీ పెండ్లికి వాయించినాను నేను. నీ మామ తాగి పడితే ఆ మోతకే లేచినాడు. మరిచినావా?"

చిన్నతంబి నేల చూశాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. "కాల్చేది నాకు చెప్పలేదవ్వా. నువ్వు కూచో."

ఆల్డ్రిచ్ ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పాడు, సత్యప్రియ తెలుగులో విప్పింది. ఇకమీదట ఆ గొంతు కంపెనీది. తిమ్మమ్మకు మాత్రం నెలకొకసారి ఫ్రీగా వాడుకోనిస్తారు. అడిగితే.

తిమ్మమ్మ నవ్వింది. "నా గొంతుతో నేను పాడేకి వీని సెలవు కావాల్నా? మా ఆయన బతికినప్పుడు ఆయన సెలవే అడగలేదప్పా నేను. వీన్ని ఏమి అడిగేది?"

దీన్ని సత్యప్రియ అనువదించలేదు. ఆల్డ్రిచ్‌కు ముఖం చూస్తేనే అర్థమైపోయింది.

మళ్ళీ సిగ్నల్. టిక్.

తలుపు మీద మూడు దెబ్బలు. తట్టింది చిన్నతంబి. తన పిడికిలిని తనే వింతగా చూసుకొన్నాడు. "సార్, నేను తట్టలేదు. అదే తట్టింది."

ఆల్డ్రిచ్ అతణ్ణి బయటికి తరిమి, తలుపు అవతల కాపలా ఉండమన్నాడు. సత్యప్రియకు అప్పుడు తట్టింది, తన చేతిలో ఇంకో ఆయుధం ఉందని. దాన్ని ఏ విభాగమూ ఇష్యూ చేయలేదు.

"అవ్వా, గౌళి పలికితే ఏమి చెయ్యాల?"

తిమ్మమ్మ కళ్ళు మెరిశాయి. ఈసారి టిక్ వినగానే గిటారు వీపు మీద ఆమె తట్టిన తట్టుకు తీగలన్నీ ఝుమ్మన్నాయి. "కృష్ణ కృష్ణ," అంది, ఎక్కడ లేని భక్తితో.

ఆల్డ్రిచ్ ఓపిక అయిపోయింది. ముసలమ్మ చేతులు ఆమె కొంగుతోనే కట్టాడు. మైకు స్టాండు కదలకుండా పట్టుకోమని వెన్నిలను నల్లెనుము పక్కన నిలబెట్టాడు. లాప్‌టాప్‌లో ఎర్రర్ చెక్ ఆపేశాడు. అక్కడున్న చేతుల్లో రెండు జతలు కట్టేసినవే, ఒక జత తనది, ఒక జత తన మనిషి వెన్నిలది. ఇంకా చెక్ ఎందుకు? ఫైల్ తయారవగానే నేరుగా కొనేవాళ్ళకు పోతుంది, పెట్టె పేలుతుంది.

అతను వేదిక కిందికి దిగి, బందీల చేతుల మీదే కన్నేసి నిలబడ్డాడు. వెన్నిల అతని వీపు వెనక ఉంది.

టిక్.

మండపం నిశ్శబ్దమైంది. వెన్నిల కుడి చెయ్యి నల్లెనుము నెత్తి మీద ఉంది. సత్యప్రియ ఆ ఉంగరాల వేళ్ళనే చూస్తోంది. అవి లేచాయి. ఒక్క క్షణం గాల్లో ఆగాయి. తర్వాత మెత్తగా, మైకు పక్కనే, పనస చెక్క మీద మూడుసార్లు వాలాయి. నల్ల కళ్ళద్దాల కింద పెదాలు కదిలాయి.

టిక్. ఆ వెంటనే టెస్ట్ సిగ్నల్ గోల మొదలైంది. ఈల, బుసబుస, గుర్రు. ఎద్దుల బండి మీద సముద్రాన్ని తోలుకుపోతున్నట్టుంది. ఆల్డ్రిచ్‌కు ఇక ఏ చప్పుడూ వినిపించే అవకాశం లేదు. అంటే కుర్చీ జరిపినా వినిపించదు.

సత్యప్రియ జరిపింది. అతని కన్ను కట్టేసిన చేతుల మీదే ఉంది, కుర్చీ కాళ్ళ మీద లేదు. కొంచెం కొంచెంగా, పెళ్ళి పంక్తిలో రెండో వడ్డనకు ఆకు జరిపినట్టు. గోల ఆగింది. పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. నల్లెనుము లోపల వాల్వులు తెల్లగా మండాయి. ఆమె కాలి బొటనవేలు పాయింట్ దగ్గర నల్లెనుము వైరు కిందికి దూరింది. ఒక్క లాగు.

ప్లగ్గయితే అంత సులువుగా వచ్చేది కాదేమో. అగ్గిపుల్లలు రెండూ ఎగిరి ఆల్డ్రిచ్ బూట్ల దగ్గర పడ్డాయి. ఎర్ర దీపం ఆరింది. నల్లెనుము పెద్దగా నిట్టూర్చి ఊరుకొంది. పొగ రాలేదు.

ఆల్డ్రిచ్ భుజాలు ఎగరేశాడు. "పరవాలేదు. గొంతు మాది. ఫైల్ వెళ్ళిపోయింది."

అతని ఫోన్ మోగింది. అవతలివాడు ఏమంటున్నాడో మండపమంతా వినిపించింది. కంచు గిన్నెలో కంకరరాళ్ళు పోసి ఊపినట్టుందట. ఇదేనా నువ్వు అమ్ముతానన్న గొంతు? ఇంతకుముందు కొన్నవి కూడా ఇలాంటివేనా? ఆల్డ్రిచ్ ఫోన్ కట్ చేశాడు. ఫోన్ మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. దొంగసరుకు వ్యాపారంలో ఉన్నది నమ్మకం ఒక్కటే.

అతను లాప్‌టాప్ చంకలో పెట్టుకొని తలుపు వైపు పరుగెత్తాడు. తలుపు తెరుచుకోలేదు. అవతలినుంచి చిన్నతంబి గొంతు వినిపించింది.

"కాపలా ఉండమన్నారు గదా సార్. ఉన్నాను. ఎవురినీ పోనీను."

వెన్నిల కట్లు విప్పింది. తిమ్మమ్మ చేతులు దులుపుకొని, అగ్గిపుల్లలు ఏరి, వైరును మళ్ళీ పాయింట్లో దూర్చింది. ఆ పెట్టెను మాత్రం తన్ని అవతల పడేసింది. వాల్వులు వేడెక్కేదాకా ఆగి, వాల్యూమ్ చివరిదాకా తిప్పి, ఆల్డ్రిచ్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకొని వాయించింది. హోసూరు నుంచి కరుప్పుసామి జీపు వచ్చేదాకా ఆపలేదు. అది అరెస్టో, కచేరీనో ఆల్డ్రిచ్‌కు తేలలేదు.

* * *

"రిపోర్ట్ పూర్తి చేయాలి," అన్నాడు కరుప్పుసామి ఆ వారం ఆఫీసులో. "ఒక్క ఖాళీ ఉంది. వెన్నిల. ఆమె కావాలనే తట్టిందా, అలవాటు కొద్దీ తట్టిందా?"

"అడిగాను సార్. గొడుగు మరిచాను అంది."

"ఊరు?"

"హరూర్ బస్సెక్కింది. కండక్టరుతో పచ్చి మన తెలుగులో చిల్లర కోసం పోట్లాడింది."

చీఫ్ పెన్ను మూత తీశాడు. "ఎవరి ఏజెంటని రాయమంటావు మరి? మనదా, వాళ్ళదా?"

"వాళ్ళ అవ్వ ఏజెంటని రాయండి సార్," అంది సత్యప్రియ.