గొల్యాతుకు పట్టని కవచం

"దవాఖాన ట్రేలు గిట్ల సొట్టలు పెట్టనీకి ఇచ్చిన్నా?"

వానకు తడిసిన కొంగు పిండుకుంటూ గాబ్రియేలు కొట్టం గుమ్మంలోనే పోట్లాటకు దిగింది ఎలిశిబా. మెదక్‌లో నర్సు పని నేర్చుకుంటున్న పిల్ల. పాడైన స్టెయిన్‌లెస్ స్టీలు ట్రేలు అడిగి తెచ్చింది తనే. క్రిస్మసు నాటకంలో, బైబిలు దావీదు చేతిలో ఓడే మహాకాయుడు గొల్యాతుకు కవచం కావాలి. అదీ మిషను దొరసాని బొమ్మల పుస్తకంలో పాతకాలపు ఇంగ్లీషు వీరుడు తొడుక్కున్నట్టే ఉండాలని చర్చి పెద్దల ముచ్చట. గొల్యాతు వేషం ఊళ్ళోకెల్లా భారీ మనిషి దావీదుది. ఆ పేరు పెట్టినప్పుడు కన్నవాళ్ళు ఇది ఊహించి ఉండరు.

"ఇత్తడైతే చెప్పినట్టు వింటది," అన్నాడు గాబ్రియేలు, బిందెలు చేసే చేతిని ఊదుకుంటూ. "గిది కొట్టినకొద్ది మొండికేస్తది. ఒక్కపారి గట్టిపడ్డంక మళ్ళ సాగదు."

"అచ్చం నీ లెక్కనే."

రజాకార్ల భయంతో దావీదు ఇల్లు కదలడం లేదు. మరి కొలత?

"జర నువ్వు నిలబడు. వానికి రెండు దిక్కుల నాలుగు వేళ్ళు పెంచుకుంట."

"నేను గొల్యాతునా?"

"నోరు చూస్తే తక్కువేం లేవు."

నవ్వుతూనే నిలబడింది. కాగితం అచ్చు ఆమె భుజానికి ఆనించి, తీసి, మళ్ళీ ఆనించాడు. ఆ కొలత ఎంతకీ తెగలేదు. రోజూ ఏదో ఒకటి మళ్ళీ సరిచూడాల్సి వచ్చేది.

ఒకరోజు ఆమె నవ్వలేదు.

"తూప్రాన్ బడిపంతులు సంబంధమట. దినాలు మంచిగలేవు, జల్దీ చేస్తనంటుంది అమ్మ. నువ్వేమంటవ్?"

సుత్తి ఆగింది.

"కవచం అయిపోనీ. చెప్త."

"స్టీలే నయం," అని వానలోకే వెళ్ళిపోయింది.

కవచం పూర్తయ్యేసరికి ఆమె తూప్రాన్ కోడలు. తర్వాత ఇండియా సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, దావీదు బయటికొచ్చాడు.

క్రిస్మసు సాయంత్రం ఇద్దరు మనుషులు పట్టీలు లాగినా కవచం దావీదు ఒంటికి ఎక్కలేదు.

"గిదెవరి కొలతరా, గాబ్రియేలూ?" అని అరిచాడు దావీదు.

చర్చి ఆవరణంతా ఘొల్లుమంది. పెంచుతానన్న నాలుగు వేళ్ళు ఎప్పుడు మరిచాడో గాబ్రియేలుకే తెలియదు.

"కొలతకు నిలబడ్డది మా ఎలిశిబానే..." అంటూ మొదలెట్టిన ఆమె తల్లి దానమ్మ సగంలో ఆగింది. నవ్వులూ ఆగాయి. పండక్కి పెళ్ళాంతో అత్తగారింటికి వచ్చిన పంతులొక్కడే, పాపం, ఇంకా నవ్వుతున్నాడు.

దావీదు గోనెసంచి చుట్టుకుని ఆడాడు, ఓడాడు. జనం కదులుతుంటే గాబ్రియేలు పక్కన ఒక్క క్షణం ఆగింది ఎలిశిబా. అతని చంకలోని కవచం భుజం మీద వేలు పెట్టి తీసింది.

"ఊరందరికి చెప్పినవ్. నాకొక్కదానికి చెప్తే అయిపోతుండె."