పారబోయని నాలుగు సీసాలు

మొగులప్ప చనిపోయేటప్పటికి అతని స్కూటర్ మీద థర్మాకోల్ డబ్బాలో నాలుగు లీటర్ల నీళ్లున్నాయి.

బీదర్ దగ్గర నౌబాద్ మలుపులో నంబరు లేని లారీ గుద్దింది. జనం యాక్సిడెంట్ అన్నారు. హైదరాబాద్‌లో చీఫ్ ఆ మాట అనలేదు. మొగులప్ప చీఫ్ నడిపే గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషి. నిర్ణా ఊరి బావిలోంచి ఆ నీళ్లు తెస్తున్నాడు. సీసాలు నాలుగూ పగలలేదు.

హైదరాబాద్‌లో వారానికో అద్దాల మేడ లేస్తున్న రోజులవి. మందుల ఫ్యాక్టరీలూ అలాగే లేస్తున్నాయి. ఆ సందట్లో విదేశీ ఫ్యాక్టరీల విషపు వ్యర్థాన్ని ఇక్కడ పాతిపెట్టడానికి ఒక ముఠా దిగింది.

ఏజెంట్ జీవరాజ్‌కు బ్రీఫింగ్ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ముఠా నిర్ణాలో బావి పక్కన భూమి కొని కొన్ని డ్రమ్ములు పాతి చూసింది. ముంబై రేవులో ఇంకా ఆరువందలు దిగి ఉన్నాయి. వాటిని దించే గోడౌన్ పర్మిషన్ మీద శనివారం సాయంత్రం ఐదింటికి బెంగళూరులో సంతకం. నీళ్లలో విషం ఉందని తేలితే సంతకం ఆగుతుంది. లేదంటే నిర్ణా జనం ఆ డ్రమ్ముల పక్కనే నీళ్లు తోడుకు తాగాలి. మొగులప్ప పోయిన మర్నాడే ముఠా బావి తోడించి ట్యాంకర్ నీళ్లు నింపింది. ఇక సాక్ష్యం ఆ నాలుగు సీసాలే.

"ఓంకార్ సైంటిస్టుగా వెళ్తాడు. నువ్వు గ్లాస్‌వేర్ కడిగేవాడిగా వెళ్లు" అన్నాడు చీఫ్.

జీవరాజ్‌ది పన్నెండేళ్ల సర్వీసు. ఓంకార్‌ది రెండేళ్లు. కాకపోతే ఓంకార్ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ.

బీదర్‌లో ల్యాబ్ చిన్నది. నడిపేది ఆ ఊళ్లోనే చిద్రి వాడకు చెందిన ఫెబా. విషం లీటరు నీళ్లలో చిటికెడులో వెయ్యో వంతు కూడా ఉండదు. దాన్ని ఒకచోటికి లాగాలి. అందుకు ఆమె మెథడ్ తయారుచేస్తోంది. వేలంత ప్లాస్టిక్ గొట్టంలో తెల్లటి పొడి. దాని పేరు కార్ట్రిడ్జ్. ముందు మిథనాల్‌తో తడపాలి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి శాంపిల్ నీళ్లను చుక్కచుక్కగా లాగాలి. విషం పొడికి పట్టుకుంటుంది, నీళ్లు కిందికి పోతాయి. చివరికి కొంచెం సాల్వెంట్‌తో ఆ విషాన్ని కడిగి తీసి మెషిన్‌కిస్తే లెక్క చెబుతుంది.

"ఎండనియ్యొద్దు ఓంకార్. ఒక్కసారి ఎండిందంటే పట్టు పోతది" అని ఆమె రోజుకు పదిసార్లు చెప్పేది. ఓంకార్ నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

జీవరాజ్ సింకు దగ్గర ఫ్లాస్కులు తోమేవాడు. అతన్ని ఆమె 'అన్నా' అని పిలిచేది. ఓంకార్‌ను వట్టి ఓంకార్ అనేది. తేడా జీవరాజ్‌కు బాగా తెలుసు.

అతని దగ్గర నల్ల లోహంలో వెండి పొదిగిన బిద్రీ పాన్ డబ్బా ఒకటుండేది. మూత మీది వెండి పువ్వు నడుమ కెమెరా కన్ను. గుమ్మం వైపు పెట్టమని చీఫ్ ఆర్డర్. జీవరాజ్ దాన్ని ఓంకార్ వైపు పెట్టాడు.

బీదర్‌లో నల్లా నాలుగు రోజులకోసారి. ల్యాబ్‌లో చుక్క పారబోయరు. కార్ట్రిడ్జ్‌లోంచి దిగిన నీళ్లు కూడా మూలనున్న నీలం బకెట్‌లోకి పోతాయి. నేల తుడవడానికి అవే.

శుక్రవారం లాస్య వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టు చీర, చేతినిండా గాజులు, చుట్టూ సెంటు వాసన. పైకి కార్ట్రిడ్జ్‌లు అమ్మే కంపెనీ మనిషి. లోపల ముఠాలోకి డిపార్ట్‌మెంట్ పంపిన గూఢచారి.

"కూజా మూత ఊడింది" అంది. అది కోడ్.

"బిగించేవాడు ఊళ్లో లేడు" అన్నాడు ఓంకార్. సరిపోయింది. ఆమె బకెట్ చూసి అదేమిటని అడిగింది. ఓంకార్ మురిసిపోతూ అంతా చెప్పాడు. జీవరాజ్‌కు లాస్య మీద అనుమానం రాలేదు. అతని కళ్లు ఓంకార్ మీదే ఉన్నాయి.

శనివారం పొద్దున నాలుగు సీసాల నీళ్లూ ఓంకార్ చేతులమీదుగా కార్ట్రిడ్జ్‌లలోంచి దిగాయి. పక్కనే ఐదోది, మంచి నీళ్లలో తెలిసినంత విషం కలిపిన పరీక్ష సీసా. పన్నెండున్నరకు మెషిన్ లెక్క చెప్పింది. నాలుగూ సున్నా. ఐదోదీ సున్నా.

ఫెబా ఒక కార్ట్రిడ్జ్ విప్పి పొడి చూసింది. "మనం కలిపిందే దొరకలేదు. గీ కార్ట్రిడ్జ్‌లు నావి గావు. లేబుల్ ఒకటే గని, లోపల పొడి వేరే. ఏమీ పట్టలేదు. నీళ్లు అయిపోయినయ్."

జీవరాజ్ ఓంకార్ కాలరు పట్టుకున్నాడు. "నువ్వే మార్చినవ్."

"డబ్బా చూద్దాం" అన్నాడు ఓంకార్.

బిద్రీ డబ్బాలోని కార్డు కంప్యూటర్‌లో పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నపు ఫొటోల్లో ఓంకార్ నవ్వుతున్నాడు. ప్రతి ఫొటోలో నవ్వుతున్నాడు. అతని భుజం వెనుక గాజుల చేయి ఒకటి. ఆ చేయి కార్ట్రిడ్జ్‌ల అట్టపెట్టె మారుస్తోంది.

అప్పుడే సెంటు వాసన వచ్చింది. లాస్య గుమ్మంలో ఉంది. ముఠాలోకి పంపిన మనిషి ముఠా మనిషైపోయింది. పర్సులోంచి చిన్న పిస్టల్ తీసింది.

"ఎవరూ కదలొద్దు. పాపం, మంచి మెథడ్. వర్క్ అయ్యేదే" అంది. సరాసరి మూలకెళ్లి నీలం బకెట్‌ను కాలితో తన్నింది. నీళ్లు నేలంతా పరుచుకున్నాయి. ఫోన్‌లో ఎవరికో అయిపోయిందని చెప్పింది. వెనక్కి తిరిగింది. ఆ బకెట్‌లో జీవరాజ్ పొద్దున కలిపిన సబ్బు కూడా ఉంది. ఎత్తు మడమల చెప్పు ముందుకు జారింది. ఆమె లేచేలోగా పిస్టల్ ఓంకార్ చేతిలో ఉంది. ఆమెను పక్క గదిలో పెట్టి తాళం వేశారు.

ఫెబా మాత్రం నేలమీది నీళ్లే చూస్తూ కూర్చుంది. "నిర్ణా పని అయిపోయినట్టే" అంది మెల్లగా.

జీవరాజ్‌కు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. వంగి సింకు కింది తలుపు తీశాడు. లోపల నాలుగు శుభ్రమైన సీసాలు, నిండుగా. ఒక్కొక్కదాని మీద తేదీ, టైము, 'ఓంకార్' అని చీటీ.

"గీ నిర్ణా నీళ్లు బకెట్ల పొయ్యలే" అన్నాడు.

"ఎందుకన్నా?"

"ఆయనకు చెయ్యొస్తలేదని, విషం నీళ్లల్లనే మిగుల్తదని నీకు చూపెడదామని."

ఎవరూ నవ్వలేదు. ఫెబా లేచింది. ఆ పొడి ఏమీ పట్టలేదంటే విషమంతా ఈ నీళ్లలోనే ఉన్నట్టు. అసలు కార్ట్రిడ్జ్ ఆమె డ్రాయర్‌లో ఒక్కటే మిగిలింది. ఒకటిన్నరకు మొదలుపెట్టారు. రెండింటికి కరెంటు పోయింది. ఇన్వర్టర్ మెషిన్‌కే సరిపోతుంది. వాక్యూమ్ పంపు ఆగింది.

ఫెబా పెద్ద సిరంజి ఒకటి గొట్టం కింద బిగించింది. చేత్తో లాగాలి. తొందరపడితే పట్టదు, ఆగితే టైము చాలదు. ఓంకార్ లాగాడు. జీవరాజ్ పొడి పైన నీటి మట్టం చూస్తూ "మెల్లగ... మెల్లగ" అన్నాడు. ఓంకార్ చేయి అలసినప్పుడు జీవరాజ్ అందుకున్నాడు. జీవరాజ్ చేయి పట్టేసినప్పుడు ఓంకార్. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మూడున్నరకు లీటరు అయిపోయింది. నాలుగుంబావుకు మెషిన్‌లోకి. నాలుగూ యాభైకి తెరమీద గీత నిటారుగా లేచింది. విషం ఉండదగ్గ హద్దుకు నలభై రెట్లు.

ఫ్యాక్స్ రెండుసార్లు తెగింది. మూడోసారి పోయింది. బెంగళూరులో ఆఫీసరు పెన్ను మూత తీశాడు. అటెండరు కాగితం ముందు పెట్టాడు. నాలుగూ యాభై తొమ్మిది. ఆఫీసరు మళ్లీ మూత పెట్టాడు.

సోమవారం చీఫ్ ఫోన్ చేశాడు. ఓంకార్ దించిన నీళ్లు విడిగా దాచాలని ఎలా తట్టిందని అడిగాడు.

"ముందుజాగ్రత్త, సార్" అన్నాడు జీవరాజ్.

పక్కనుంచి ఫెబా వింది. "ముందుజాగ్రత్తకు గింత మంట ఉంటదా అన్నా?" అంది. అయితే ఆ రోజు చాయ్ మొదట అతనికే పోసింది.

నెల తర్వాత ఇద్దరికీ కలిపి ఒకే ప్రశంసాపత్రం వచ్చింది. ఓంకార్ పేరు ముందుంది. జీవరాజ్ రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. సింకు దగ్గరికెళ్లి ఇంకో సీసా శుభ్రంగా కడిగి పెట్టుకున్నాడు.