నాలుగు డిగ్రీల్లో ఒక సంతకం

"ఈసారి నీకు తుపాకీ లేదు, టైపింగ్ ఉండాది" అన్నాడు చీఫ్ రామచంద్ర.

1999 జూలై. మదనపల్లె టొమాటో మార్కెట్ పక్కన ఆపిన అంబాసిడర్ కారు. బయట వేలంపాట అరుపులు. వెనక సీట్లో సీక్రెట్ ఏజెంట్ యమున, వయసు ఇరవై ఆరు.

"నేను కంప్యూటర్ సైన్స్ సార్."

"తెలుసు. స్పీడ్ తగ్గించుకో, లేదంటే అనుమానం వస్తాది."

బ్రీఫింగ్ రెండు నిమిషాలు. ఊరి బయట ఛాతీ ఆస్పత్రి. అక్కడ డాక్టర్ చిన్నస్వామి టీబీ మీద రీసెర్చ్ చేస్తాండాడు. డబ్బు సర్కారు గ్రాంట్. పెద్దమండ్యం, రామసముద్రం, పుంగనూరు మనుషులు పన్నెండు వందల మంది ఆయన్ని నమ్మి రక్తం ఇచ్చినారు. ఇప్పుడు హెన్రిక్ అనే విదేశీయుడు దిగినాడు. ఆ గ్రాంట్ కింద చిన్న సబ్‌కాంట్రాక్ట్ ఒకటి దూర్చినాడు.

"రెండూ ఒకటే కాదా సార్?"

"గ్రాంట్ అంటే నీ పని నువ్వు చేసుకో అని సర్కారు సాయం చేసేది. కాంట్రాక్ట్ అంటే నీ పనిని వాడు కొనేది. కొన్నోడి చేతిలో ఏదో ఒకటి పెట్టాల. దాన్ని డెలివరబుల్ అంటారు."

"ఈడ డెలివరబుల్ ఏంది?"

"ఆ పన్నెండు వందల మంది రక్తం. సముద్రం దాటితే వాడు మందు కనిపెట్టి పేటెంట్ చేసుకుంటాడు. మనోళ్ళకే మళ్ళా అమ్ముతాడు."

యమున ఆ ఆస్పత్రిలో టైపిస్ట్‌గా చేరి మూడు వారాలు ఒంటి వేలితో టైప్ చేసింది. నాలుగో వారం, శుక్రవారం పొద్దున, డాక్టర్ కనిపించలేదు. రక్తం పెట్టెలూ కనిపించలేదు. వెతుక్కుంటా పుంగనూరు బస్టాండ్ దాకా వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు షిఫాన్ చీర, ఆరు గజాల దూరం నుంచే తగిలే సెంటు. హెన్రిక్ ప్రాజెక్ట్ మేనేజర్ జబీన్ నవ్వుతా దగ్గరికొచ్చింది.

"ఒక్క వేలితో టైప్ చేసే పిల్ల, కరెంటు పోతే కంప్యూటర్‌లో సేవ్ చేయలేదే అని ఏడుస్తాదా? ఆ రోజే తెలిసిపోయిందమ్మా. కారెక్కు."

హ్యాండ్‌బ్యాగ్‌లో నుంచి పిస్టల్ మూతి తొంగిచూస్తాండాది.

తలుపు మూసుకుంది. కుప్పం రైల్వే స్టేషన్ వెనక, కూరగాయల కోల్డ్ స్టోరేజ్. గోడ మీద థర్మామీటర్: నాలుగు డిగ్రీలు. లోపల గడియ లేదు, కిటికీ లేదు. పేజర్‌కు సిగ్నల్ లేదు. పెన్ కెమెరా చలికి చచ్చిపోయింది. మూలన బీన్స్ బస్తాల మధ్య సన్న చొక్కాతో డాక్టర్ చిన్నస్వామి. వయసు అరవై ఎనిమిది, ఆయాసం మనిషి. పెదాలు అప్పటికే నీలంగా ఉండాయి.

హెన్రిక్ తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నాడు. "డాక్టరు గారూ, దయచేసి బదిలీ పత్రముపై సంతకము చేయుడు. అది లేనిదే విమానాశ్రయమువారు పెట్టెలను స్వీకరింపరు. రైలు నాలుగు ఇరవైకి. అర్ధగంట ఆలోచించుకొనుడు."

కాగితాలు పడేసి పోయినాడు.

"చస్తే చస్తా, పెట్టను" అన్నాడు డాక్టర్. పళ్ళు టకటక కొట్టుకుంటాండాయి. "మీ రక్తం ఈ జిల్లా దాటదని ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని మాటిచ్చినానమ్మా."

యమున కాగితాలు తిప్పింది. ట్రైనింగ్‌లో తాళాలు తియ్యడం నేర్పినారు, కానీ ఈ తలుపుకు లోపల తాళమే లేదే. బయట వాడికి అవసరమైతేనే తెరుచుకుంటాది. పైన సర్కారు గ్రాంట్ లెటర్ కాపీ. మొదటి లైన్ రెండుసార్లు చదివింది.

"సార్, ఈ గ్రాంట్ ఎవురిది?"

"నాదే గదా. పదేండ్లుగా..."

"కాదు సార్. గ్రాంటీ, అంటే డబ్బు పుచ్చుకునేది, అని ఆస్పత్రి పేరుండాది. మీరు ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్. పని నడిపించే మనిషి. పనికి పెద్ద మీరే, ఆస్తికి కాదు. ఆస్పత్రి తరపున ఇచ్చేది, పుచ్చుకునేది ఆథరైజ్డ్ సిగ్నేటరీ సంతకం, సీలుతోనే."

అంత చలిలోనూ డాక్టర్ ముఖం చిన్నబోయింది. "మా సిగ్నేటరీ అంటే... మేనేజర్ నాగరత్నమ్మ!"

"అందుకే పెట్టేయండి. చెల్లదు. రెండో సంతకం కావాలంటే వాళ్ళు మళ్ళీ మన దగ్గరికి రావాల. తలుపు తియ్యాల."

డాక్టర్ పెట్టినాడు. పన్నెండున్నరకు జబీన్ వచ్చి పేజీలు తిప్పింది. చివరి పేజీలో ఖాళీ గీత. దాని మీద ఆమె గోరు ఒక్క క్షణం ఆగింది. యమున వైపు చూసింది. ఫైల్ మూసింది.

"అంతా సరిగ్గా ఉండాది, మిస్టర్ హెన్రిక్."

తలుపు పడింది.

యమున లెక్కేసుకుంది. తప్పు ఇప్పుడు బయటపడకపోతే బెంగళూరు ఏర్‌పోర్టులోనే పడతాది. రక్తం ఆగుతాది, బాగుంది. కానీ అప్పటికి ఈడ డాక్టర్ ఉండడు.

ఒంటిగంట. రెండు. గోనెసంచులన్నీ ఆయన మీద కప్పింది. ఊపిరి పిల్లికూతలా వినిపిస్తాండాది.

"మాట్లాడండి సార్, నిద్రపోవద్దు."

"నాగరత్నమ్మకు... చెప్పకుండా సంతకం పెట్టినా. చంపేస్తాది."

మూడు యాభై. తలుపు విసురుగా తెరుచుకుంది. హెన్రిక్ ముఖం టొమాటో రంగులో ఉండాది.

"ఇంకొక సంతకమా! ఇప్పుడా చెప్పుట?"

"ఇప్పుడే చూసినా సార్" అంది జబీన్, గోళ్ళు చూసుకుంటా. "మదనపల్లె పోయి రావడానికి టైం లేదు. ఆస్పత్రి మేనేజర్‌కు ఫోన్ చేయించండి. ఆమె ఆణ్ణుంచే ఏర్‌పోర్టుకు ఫ్యాక్స్ కొడతాది."

యమునకు వెలిగింది. పన్నెండున్నరకే జబీన్ చెప్పుంటే వీడు కారేసుకొని పోయి నాగరత్నమ్మ తలకు తుపాకీ పెట్టేవాడు.

ఇద్దర్నీ లాక్కొచ్చిన ఆఫీసు గదిలో ఫోన్. యమున నుదుటికి పిస్టల్. ఒక్క మాట అటూ ఇటూ అయినా కాలుస్తానన్నాడు.

"మేడం, టైపిస్ట్ యమునను. కుప్పం కోల్డ్ స్టోరేజ్ నుంచి. ట్రాన్స్‌ఫర్ పేపర్ కావాల. దాంతోపాటు ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్ మార్పుకు ప్రయర్ అప్రూవల్ ఫారం కూడా పెట్టండి."

అటు కాగితాలు తిప్పిన చప్పుడు. ఆ ఫారం పెట్టేది ఒకందుకే. డాక్టర్ ఇక పని చెయ్యలేడు, లేదా బతకడు అన్నప్పుడు. హెన్రిక్‌కు అది ఇంకో చెత్త కాగితం. ముప్పై ఏళ్ళుగా గ్రాంట్ ఫైళ్ళు చూసిన నాగరత్నమ్మకు అది కేక.

"సరేమ్మా. ఎన్ని కాపీలు?"

"మూడు."

"అవతల పార్టీ పూర్తి పేరు? స్పెల్లింగ్ చెప్పు. తండ్రి పేరు? అడ్రస్‌కు ప్రూఫ్ ఉండాదా?"

హెన్రిక్ చెమటలు కక్కుకుంటా తండ్రి పేరు చెప్పినాడు. తాత పేరు కూడా అడిగింది. పక్క ఫోన్‌లో ఆమె ఇంకెవరితోనో మాట్లాడుతున్న గొణుగుడు యమునకు మాత్రమే వినపడింది.

నాలుగు పదిహేడు. రైలు కూత.

"చాలును! ఫ్యాక్స్ లేకున్ననూ పంపెదను. వీరిద్దరినీ లోపల వేయుడు!"

క్లిక్. హెన్రిక్ మెడ వెనక చల్లగా తగిలింది.

"పెట్టెలు దించమనండి" అంది జబీన్. "అందులో నాలుగు వందల పదిహేడో నంబర్ రక్తం మా అమ్మీది. పుంగనూరులో ఇంటికొచ్చి తీసుకున్నాడు డాక్టర్ సాబ్. నీ జీతం తీసుకున్నా హెన్రిక్, అమ్మీని అమ్మడానికి కాదు."

బయట జీపుల బ్రేకులు. కుప్పం పోలీసులు. పార్శిల్ బోగీ గుమ్మం మీదున్న ఆఖరి పెట్టెను ఒక కానిస్టేబుల్ కాలు పట్టి లాగినట్టు లాగినాడు. నాలుగు ఇరవై. రక్తం పెట్టెలు లేకుండానే రైలు కదిలింది.

మూడో రోజు డాక్టర్ మదనపల్లె ఆస్పత్రి మంచం మీద కూర్చొని వేడి రాగి జావ తాగుతాండాడు. నాగరత్నమ్మ వచ్చింది. దుప్పటి సర్దింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఒక కాగితం ముందు పెట్టింది.

"శుక్రవారం మీరు గ్రాంట్ పనిలో లేరు కదా సార్. సెలవు చీటీ మీద సంతకం పెట్టండి. ఇది మాత్రం మీరు పెడితే చెల్లుతాది."