జోహరాబీ ఉప్పునీటి జాడీ

డిటెక్టివ్ త్రినాధరావు కాఫీ గ్లాసు కింద పెట్టకముందే జోహరాబీ గుమ్మంలో కూలబడింది. గాజుసామాన్ల వ్యాపారి ఖాదర్ వలి భార్య ఆమె. ఒళ్లో గుడ్డ చుట్టిన జాడీ ఉంది.

"నా పరువు పోయింది బాబుగారూ. ఎవరో నా ఊరగాయ పాడు సేసేరు!"

ఆ 1946 వేసవిలో అనకాపల్లి మహిళా సంఘం ఏటా పెట్టే ఊరగాయల పోటీ మళ్లీ పెట్టింది. ఈసారి గెలిచినామె సంఘంలో ఊరగాయ పాఠాలు చెప్పాలి. బడి గడప తొక్కని జోహరాబీకి ఒక్కసారైనా పంతులమ్మ అనిపించుకోవాలని పంతం. పోటీ రేపు సాయంత్రమే.

సహాయకుడు అప్పారావు గుడ్డ విప్పి ముక్కు మూసుకున్నాడు. గాజు జాడీలో ముల్లంగి, దొండకాయ ముక్కలు మెత్తబడి బూజు పట్టాయి. పైన నల్లని గుండ్రాయి, అడుగున చెంచాడు నీళ్లు.

"ఇందులో నూనె ఉండదు బాబూ. ఉప్పునీళ్లలో ముక్కలేసి, తేలకుండా రాయి బరువెడతాను. మూడు రోజుల్లో పుల్లగా, కరకరలాడతా ఊరతాయి. అందాకా గుడ్డ ఇప్పను."

"ఎవరి మీద అనుమానం?"

"పక్కింటి అప్పలనర్సమ్మ మీదే. రెండేళ్లుగా ఆవిడ ఆవకాయే గెలుత్తంది."

త్రినాధరావు జాడీని వెలుగులో తిప్పి చూసి, చెప్పులు వేసుకున్నాడు. ఆయనకు తెలియనిది లోకంలో లేదని అప్పారావు నమ్మకం, తన కళ్లజోడు ఎక్కడ పెట్టాడో తప్ప.

అప్పలనర్సమ్మ వాళ్ల వీధిలోనే ఎదురైంది. జాడీ సంగతి అడగ్గానే భగ్గుమంది.

"ఒకరి జాడీ పాడుసేసి గెలవాల్సిన కర్మ నాకేటి బాబూ? నా ఆవకాయ పేరు కశింకోట దాకా ఎల్లింది!"

"వాళ్లింట్లోకి వెళ్లావా?"

"నేదు. అరుగు మీంచే సెప్పేను, నీళ్లలో ఊరగాయేటమ్మా, కుళ్లిపోద్దని. వాళ్ల అత్త బషీరాబీ కూడా అక్కడే ఉంది."

జోహరాబీ పెరట్లో మొక్కలన్నీ పచ్చగా ఉన్నాయి. ఒక్క మందారం మాత్రం వాడి వేలాడుతోంది. దాని పాదులో తెల్లటి పొర. త్రినాధరావు వేలితో అద్ది నాలుకమీద పెట్టుకున్నాడు.

"ఈ మొక్కలకి నీళ్లెవరు పోస్తారమ్మా?"

"మా అత్తే బాబూ. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు."

అరగంటలో అందరూ అరుగు మీద చేరారు. ఖాదర్ వలి కూడా దుకాణం మూసి వచ్చాడు.

"పగబట్టినవాళ్లు జాడీలో మట్టి వేస్తారు, కిరసనాయిలు పోస్తారు," అన్నాడు త్రినాధరావు. "ఇందులో వేసిందేమీ లేదు. తీసిందే ఉంది, ఉప్పునీళ్లు. ముక్కల్ని కాపాడేవి అవే. అవి పోయి గాలి తగిలేసరికి బూజు పట్టింది. ఆ నీళ్లు మందారం పాదులో పోశారు, ఉప్పు తెల్లగా పేరుకుని మొక్క మాడిపోయింది. పైగా రాయిని మళ్లీ సరిగ్గా ముక్కల మీద పెట్టి, గుడ్డ కట్టారు. శత్రువుకి అంత శ్రద్ధ ఎందుకు? ఊరగాయకి తడి తగిలితే చెడుతుందని జన్మంతా నమ్మినవాళ్లు, ప్రేమతో చేసిన పని ఇది."

ముసలి బషీరాబీ లేచి నిలబడింది.

"నానే బాబూ. గుడ్డ ఇప్పితే జాడీ నిండా నీళ్లు! ఒక్క సుక్క పడితేనే ఊరగాయ పనికిరాదు కదా. కోడలు తెలీక నీళ్లోసేసింది, అప్పలనర్సమ్మ అన్నట్టు కుళ్లిపోద్దనుకున్నాను. నలుగుర్లో దాని పరువు పోకూడదని పారబోసేను. బూజు సూసేక నోరు పెగల్లేదు."

జోహరాబీ అత్తని అరుగు మీద కూర్చోబెట్టి, అప్పలనర్సమ్మ చేతులు పట్టుకుంది. "నిన్ను అనుమానించేను వదినా. తప్పయిపోయింది."

"తప్పులు తరవాత! మా దొడ్లో లేత ముల్లంగుంది, పీక్కొత్తాను. కుళ్లిన జాడీ మీద గెలుపు నాకొద్దు," అంది అప్పలనర్సమ్మ తల ఎగరేసి.

జోహరాబీ కళ్లు తుడుచుకుని కత్తిపీట ముందు కూర్చుంది. ముక్కలు పల్చగా తరిగి, ఉప్పునీళ్లలో నిమ్మరసం పిండి, రెండింతల బరువు పెడితే రేపటికే ఊరతాయంది. ఈసారి రాయి కడిగి పెట్టింది బషీరాబీయే.

మర్నాడు సంఘం పెద్దలు నమిలిన కరకర శబ్దం వెనక వరసదాకా వినిపించింది. జోహరాబీ పేరు పిలిచినప్పుడు అప్పారావు తనే గెలిచినట్టు చప్పట్లు కొట్టాడు. కార్యదర్శి తలుపులమ్మ పుస్తకం తెరిచి, పాఠానికి వచ్చేవాళ్లు పేర్లు చెప్పమంది.

బషీరాబీ అందర్నీ తోసుకుంటూ ముందుకొచ్చింది.

"మొదట నా పేరు రాయమ్మా. పంతులమ్మ మా కోడలే."