గజ్జెల చప్పుడు ఏమైంది?

రాంబాబు ఇల్లందులో పాత రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేస్తాడు. ఖమ్మం వచ్చి ప్రైవేట్ డిటెక్టివ్ ఉదయశ్రీ ముందు కూర్చున్నాక, రెండు గ్లాసుల నీళ్లు తాగి విషయం చెప్పాడు.

"మా ఊరి దేవ్లన్న నన్ను దొంగ అంటుండు మేడమ్. బజార్ల నిలబడి అన్నడు. సాయంత్రం పోలీస్ స్టేషన్‌ల ఫిర్యాదు కాగితం ఇస్తడట. పేరు పోతే నాకు ఒక్క సెట్టు గూడ ఎవ్వరియ్యరు."

"ఏం పోయిందట?"

"మూతబడ్డ సినిమాహాల్‌ నుంచి వాల్వుల యాంప్లిఫయర్ కొన్నడు. ఇంట్లున్న స్పీకర్లకు కలపమంటే, ఖరాబైన కండెన్సర్లు మార్చి ఇచ్చిన. తండా పండుగ పాటల క్యాసెట్‌ల గజ్జెలు వినబడ్తలేవట. అసలు ట్రాన్స్‌ఫార్మర్ కొట్టేసి నకిలీది పెట్టిననంటడు."

స్క్రూడ్రైవర్ ఎవరి చేతిలో ఉంటే వాడే దొంగ అని అసిస్టెంట్ నాగచైతన్య అప్పుడే తేల్చేసుకున్నాడు. ఉదయశ్రీ బుర్ర మీద అతనికి ఎంత గురో, సొంత బుర్ర మీదా అంతే.

మధ్యాహ్నానికి ముగ్గురూ ఇల్లందులో దేవ్లా ఇంటికి చేరారు. దేవ్లా బొగ్గుబాయిలో మందుగుండు పేల్చే పని చేసి రిటైరైన మనిషి. ఉదయశ్రీ యాంప్లిఫయర్ మూత తీసింది. ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుల మీద పాత రంగు చెక్కు చెదరలేదు. వంటింట్లోంచి భార్య మోతీ "చాయ్ పెట్టాల్నా?" అని రెండుసార్లు అడిగింది. దేవ్లా స్పీకర్లు తుడుస్తూనే ఉన్నాడు.

"గంతే. నా మాటంటే లెక్కలేదు" అంది మోతీ గుమ్మంలోకొచ్చి.

కుక్కర్ కూసింది. పక్కింటి ఆదెమ్మ గోడ మీంచి తొంగిచూసి, కుక్కర్ కూస్తోందని గుర్తుచేసింది. దేవ్లా తలెత్తలేదు.

ఉదయశ్రీ అందర్నీ ముందుగదిలో కూర్చోబెట్టింది. "గజ్జెలు వినబడగానే చెయ్యెత్తండి."

క్యాసెట్ తిరిగింది. దేవ్లా కళ్లు మూసుకుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని విన్నాడు. డప్పు గదంతా నిండింది. కాసేపటికి కళ్లు తెరిచి చూస్తే, మిగతా అందరి చేతులూ గాలిలో ఉన్నాయి.

"ఆ బోల్టుల్ని ఏళ్ల తరబడి ఎవరూ తిప్పలేదు. ట్రాన్స్‌ఫార్మర్ పాతదే" అంది ఉదయశ్రీ. "డప్పు మీకు వినబడుతోంది. గజ్జెలు, కుక్కర్ కూత, వెనకనుంచి మోతీ గారి పిలుపు అందడం లేదు. బాయిలో పేలుళ్లు మీ వినికిడిని కొంచెం కొంచెంగా పట్టుకుపోయాయి. దొంగతనం జరిగింది నిజమే. చేసింది రాంబాబు కాదు."

నాగచైతన్య రాంబాబు వైపు చూడలేక తల దించుకున్నాడు.

మోతీ కళ్లు నిండాయి. "నాలుగేండ్లాయె పిలువబట్టి. నా మీద మనసు లేదనుకున్న."

"చెవికి మిషన్ పెడితే చాలామటుకు వినబడతాయి" అని ఉదయశ్రీ ఖమ్మం డాక్టర్ నంబర్ రాసిచ్చింది.

దేవ్లా జేబులోని ఫిర్యాదు కాగితం నాలుగు ముక్కలు చేశాడు. చెప్పులేసుకుని రాంబాబు భుజం పట్టుకున్నాడు.

"దవాఖానాకు రేపు పోదాం. ముందుగాల బజారుకు నడువు. దొంగ అని ఏడ అన్ననో, గాడనే తప్పు నాదని చెప్త. చెవులు పోయినయి గాని, నా గొంతుకేం కాలే."